తొమ్మిది టేపుల నిండా ప్రహోక్

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ఆ మూల పలక కింద ఇంటిని తేల్చే పీపా కారుతోంది, అటు వాలావంటే నీతోబాటు ఇల్లు కూడా వాలుతుంది. చేతులు ఖాళీగా పెట్టుకుని వింటే కథ ఒంటబట్టదు. ఆ కత్తి తీసుకుని, గంపలో చేపలకి తలలు తీస్తూ విను, ఉప్పేసి జాడీలో ఊరబెడితేనే గదా అవి ప్రహోక్ అయ్యేది. తలతోపాటు పేగు కూడా ఊడి రావాలి. ఆ, అలాగే.

ఇది థావీ సంగతి. ఒడ్డున వైద్యం పడవ నడిపే సంస్థ ఆఫీసులో పనిచేసేదే, చెవి మీద పెన్ను పెట్టుకుని పడవ దిగేది, ఆ థావీ. ఇరవై ఏళ్ళుగా ఆమె పని ఒక్కటే. దూరదేశాల నుంచి పరిశోధన చేసేవాళ్ళు వస్తే వాళ్ళని పడవెక్కించి మన నీళ్ళ మీది ఊరికి తేవడం, వాళ్ళడిగింది మనకి మన మాటల్లో చెప్పడం, మనం చెప్పింది వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పడం. అంతే. అందులో ఆమె సొంత మాటంటూ ఒక్కటీ ఉండేది కాదు. గరిటె పులుసులో మునుగుతుంది, తేలుతుంది, రుచి ఎలా ఉందని గరిటెనెవరూ అడగరు.

వచ్చినవాళ్ళు రెండు రకాలు. సంస్థ మంచిదని రాసుకుపోవడానికి కొందరు వచ్చేవాళ్ళు, సంస్థలన్నీ పైపై పూతలేనని రాసుకుపోవడానికి కొందరు వచ్చేవాళ్ళు. పడవ దిగీ దిగకముందే ముఖం చూసి థావీ ఎవరు ఏ రకమో చెప్పేసేది. కానీ రెండు రకాలవాళ్ళకీ కావలసింది ఒక్కరే, సావత్ అవ్వ. ఎందుకంటే మన ఊరికి వైద్యం పడవ వచ్చిందే సావత్ అవ్వ కూతురు పోయింది గనక. సంస్థ అచ్చేసిన మొట్టమొదటి పుస్తకంలో మొట్టమొదటి పేజీ ఆ పిల్లదే. ఎలా పోయిందో నేను చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

మొదటి అయిదుసార్లు సావత్ అవ్వ తానే చెప్పింది. ఎర్ర దీపం వెలిగే ఆ చిన్న టేపు పెట్టె మోకాలి ముందు పెడితే, తల వంచుకుని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వారం రోజులపాటు ఆ ఇంట్లో అన్నం అడుగంటేది. మంట తగ్గించినా అంటేది, నీళ్ళు ఎక్కువ పోసినా అంటేది. అయిదోసారి అయ్యాక థావీ పడవ తాడు కట్టుకుంటూ ఉంటే అవ్వ ఆ మాడిన గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఇది చూశావా? అది వస్తోందే" అంది.

"ఎవరవ్వా?"

"ఎవరో నీకు తెలీదా? ప్చుం బెన్ పదిహేను రోజుల్లో పోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తాం, అన్నం ముద్దలు పెడతాం, తిని పోతారు. అదీ పద్ధతి. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, మీ దొరసానులు వచ్చినప్పుడల్లా ఒకసారి పిలిస్తే, పాపం అది పరిగెత్తుకొస్తోంది. వచ్చి చూస్తే ముద్ద లేదు, గుడి లేదు, సన్యాసి లేడు. ఆకలితో గిన్నె దగ్గర నిలబడుతోంది."

పోయిన ఆ పిల్లా థావీ ఒకే ఈడువాళ్ళు, ఒకే తెప్ప మీద పెరిగినవాళ్ళు.

"ఇంక వాళ్ళని తీసుకురానని చెప్పెయ్యనా అవ్వా?"

"నువ్వు తీసుకురాకపోతే ఇంకొకడు తెస్తాడు. వాడికి నా భాషా రాదు, నా బాధా పట్టదు." అవ్వ గిన్నె గీకుతూ ఆలోచించింది. "నువ్వు వాళ్ళకి ఇంగ్లీషులో చెప్తావు గదా. ఆ భాష దానికి రాదు. ఆ భాషలో నువ్వెంత చెప్పినా దాని చెవిన పడదు, అది రాదు. కథ నీకు కంఠతా వచ్చు. నువ్వే చెప్పెయ్."

"మరి నువ్వు?"

"నేనేదో ఒకటి మాట్లాడతానులే. ఆ పెట్టె నిండాలి, అంతేగా. ప్రహోక్ ఎలా పెట్టాలో చెప్తాను. అది నేను రోజంతా చెప్పగలను."

అలా మొదలయింది. ఆరోసారి మొదలుకుని సావత్ అవ్వ గంభీరంగా కూర్చుని, చేపల తలలు ఎప్పుడు తీయాలో, గంపలో వేసి కాలితో ఎంతసేపు తొక్కాలో, కొవ్వు పోయేదాకా ఎన్ని నీళ్ళు మార్చాలో, ఉప్పు ఏ పూట వేయాలో చెప్పేది. పక్కనే థావీ ఆ పిల్ల ఎలా పోయిందో ఇంగ్లీషులో చెప్పేది. చుట్టూ మనవాళ్ళంతా వింటూనే ఉండేవాళ్ళు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వొస్తే కోళ్ళని అదిలించే వంకతో అవతలి తెప్ప మీదికి పోయేవాళ్ళు. ఒకాయన తన పుస్తకంలో ఏం రాశాడో తెలుసా? ఘోరమైన ఘట్టం చెప్పేటప్పుడు ఆ తల్లి చేతులు తనకు తెలియకుండానే దేన్నో అదిమిపెడుతున్నాయట. అదిమిపెట్టడం నిజమే. జాడీలో చేపని గాలి లేకుండా ఎలా కూరాలో ఆవిడ చూపిస్తోంది.

అన్నం మళ్ళీ అడుగంటలేదు. సావత్ అవ్వ నిమ్మళంగా ఉంది. కానీ బరువు ఎక్కడికి పోతుంది? ఈ భుజం దిగితే ఆ భుజం ఎక్కుతుంది. తొమ్మిదిసార్లు థావీ నోట్లోనే ఆ పిల్ల ప్రాణం పోయింది. ఇంటికెళ్ళి పులుసు కలుపుతుంటే మధ్యలో ఆ ఇంగ్లీషు మాటలు ఉన్నట్టుండి నాలుక మీదికొచ్చేవి. మొగుడు ఏమయిందంటే, ఏం లేదు, అలిసిపోయాను అనేది. ఆ తొమ్మిదిసార్లూ ఆమె చెప్పిన జవాబు అదొక్కటే.

నీళ్ళు తీసిపోయి, రియెల్ చేపలు గుంపులు గుంపులుగా దిగే కాలంలో, అంటే సరిగ్గా ఇప్పటి రోజుల్లోనే, ఆఫీసులో సంబాత్ సారు ఆమెని పిలిచాడు. సంస్థకి పెద్దాయన ఆయనే.

"రేపు ఒకమ్మాయి వస్తోంది థావీ. మాలిస్ అని పేరు. పెద్ద యూనివర్సిటీలో చదువుతోంది. సావత్ అవ్వని కలవాలట."

"సరే సార్."

"ఈసారి నీకు నోరు నొప్పి లేదులే. ఆ అమ్మాయి మన పిల్లే. పుట్టింది అక్కడయినా ఇంట్లో మన భాషే మాట్లాడతారట. నువ్వు ఊరికే తోడు వెళ్ళు, చాలు."

థావీ టీ గ్లాసు కింద పెట్టేసింది. మన భాష వచ్చిన పిల్ల. ఇన్నాళ్ళూ మధ్యలో ఇంగ్లీషు తెరలా ఉంది కాబట్టి ముసలామె గట్టున పడింది. ఇప్పుడు ఆ తెర లేదు. ఆ పిల్ల సూటిగా అడుగుతుంది, అవ్వ సూటిగా చెప్పాలి. మళ్ళీ పిలవాలి. పెట్టడానికి ముద్దయినా లేని మాఘంలో పిలవాలి. చెప్పనంటే ఎందుకు చెప్పనంటావని అడుగుతారు, అప్పుడు తొమ్మిది టేపుల సంగతీ బయటపడుతుంది. అది బయటపడితే, అసలు కథ ఏమిటో తేల్చుకోవడానికి ఇంకో పదిమంది దిగుతారు. ఎటు చూసినా ముసలామె మెడకే చుట్టుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే ఆ మాలిస్ వచ్చింది. సన్నగా ఉంది, ఎండకి అలవాటు లేని ముఖం. మడమకి చెప్పు కరిచినట్టుంది, ఒట్టి కాళ్ళతోనే పడవెక్కింది. దారిలో సంస్థ ఎప్పుడు మొదలయింది, ఎంతమంది సభ్యులు అని అడుగుతుందని థావీ చూసింది. అడగలేదు. గుర్రపుడెక్క ఆకుల్ని చేత్తో తోస్తూ కూర్చుంది. సగం దారిలో ఒక్క మాట అంది.

"అక్కా, మీకు కాళ్ళనొప్పులా? ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకున్నారు."

ఇరవై ఏళ్ళలో ఆ పడవలో కూర్చుని థావీని ఆమె గురించి అడిగినవాళ్ళు లేరు. సంతోషం వేయాలి గదా, వేయలేదు. భయం ఇంకాస్త పెరిగింది. మంచిగా మాట్లాడేవాళ్ళే లోపలిదాకా తవ్వుతారని ఆమెకి అనుభవం.

సావత్ అవ్వ తెప్ప మీద గంపలు పరుచుకుని పనిలో ఉంది. ఎనభై దగ్గర పడినా పాదాలు గట్టివి, ఇంకా తానే తొక్కుతుంది. థావీ ముందు దూకి, తాడు కడుతున్నట్టు వంగి చెవిలో చెప్పింది.

"అవ్వా, ఈ పిల్లకి మన మాట వచ్చు. ఒంట్లో బాగాలేదని లోపలికెళ్ళి పడుకో."

"చేపలు పాడైపోవూ?"

"నేను చూసుకుంటాను."

"నువ్వా? నువ్వు తొక్కిన చేప పోయినేడాది కుక్క కూడా ముట్టలేదు. రానీ, చూద్దాం" అని, అవ్వ ఆ పిల్ల వంక తిరిగి, "అన్నం తిన్నావా అమ్మాయ్? రా, అక్కడ కాదు, అక్కడ జారుతుంది" అంది.

మాలిస్ చేతులు జోడించి నుదుటికి ఆనించి, పద్ధతిగా కాళ్ళు పక్కకి మడిచి కూర్చుంది. ఎర్ర దీపం పెట్టె సంచిలోంచి తీసి ముందు పెట్టలేదు. పెట్టకపోయినా అవ్వ దాన్ని చూసినట్టే తల వంచింది. ఏళ్ళ అలవాటు గదా. గొంతు తగ్గించి, కళ్ళు సగం మూసి మొదలెట్టింది.

"చేప ఒడ్డుకొచ్చిన పూటే తల తీసెయ్యాలి..."

థావీ కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది అనుకుంది.

"...పొద్దు తిరిగేదాకా ఉంచితే పొట్ట చేదెక్కుతుంది" అంది మాలిస్.

అవ్వ ఆగింది.

"గంపలో వేసి, నీళ్ళలో ముంచుతూ కాలితో తొక్కాలి" అని ఆ పిల్ల చిన్నగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "నీళ్ళు తేరుకుంటే చాలదు, కొవ్వు పైకి తేలడం ఆగిపోవాలి. తరువాత రాయి కింద పెట్టి ఒక రాత్రి వార్చాలి. ఉప్పు సగం అప్పుడు, సగం ఎండలో పెట్టి తీశాక."

"ఎవరు చెప్పారే నీకు?"

"మీరే చెప్పారు అవ్వా. తొమ్మిదిసార్లు."

మాలిస్ నెమ్మదిగా చెప్పింది. పరిశోధకులు తీసుకెళ్ళిన టేపులన్నీ వాళ్ళ యూనివర్సిటీలో ఒక గదిలో భద్రంగా దాచారట. తన చదువు సంస్థల గురించి కాదట, సంస్థల మీద చదువుకోవడానికి వచ్చినవాళ్ళ గురించట. వాళ్ళు ఏం అడిగారు, ఏం విన్నారు, ఏం వినలేదు అని. అందుకని ఆ టేపులన్నీ వరసగా విన్నది.

ఎన్నాళ్ళుగానో థావీ ఒక ధైర్యంతో బతికింది. ఆ టేపుల్ని మళ్ళీ ఎవరూ వినరనే ధైర్యం. మనం ప్రహోక్ జాడీకి మూత బిగించినట్టు వాళ్ళూ బిగించి అటకెక్కిస్తారు, వాళ్ళకి కావలసింది తన ఇంగ్లీషేగా అనుకుంది. జాడీ మూత ఎప్పుడో ఒకనాడు తీయడానికేనని, ఈ ఊళ్ళో పుట్టి కూడా ఆమెకి తట్టలేదు చూడు.

"ఒక సందేహం అవ్వా" అంది మాలిస్. "ఏడో టేపులో ఉప్పు మూడుసార్లన్నారు. మిగతా అన్నిటిలో రెండుసార్లే."

సావత్ అవ్వ ముఖం విప్పారింది. "ఆ ఏడు నీళ్ళు బాగా వచ్చాయి, చేప కొవ్వెక్కింది. రెండుసార్లు చాలదు. చూశావటే థావీ, ఒక్కళ్ళు విన్నారు."

థావీ వచ్చి ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. "ఏం రాస్తావమ్మా నువ్వు?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "మేం అబద్ధాలకోరులమని రాస్తావా? రాసుకో. కానీ అది చదివి ఇంకొకరు వస్తారు, నిజం చెప్పమంటారు. ఈవిడ మళ్ళీ చెప్పాలి. అది తప్పించడానికే గదా ఇంత చేసింది."

"ఏం రాయాలో నాకూ తెలీదక్కా. రాస్తే మా మేష్టార్లు సంబరపడతారు. పాత పుస్తకాలన్నీ తప్పని తేల్చానని నాకు పేరొస్తుంది. అందుకే రాయకుండా ముందు ఇక్కడికి వచ్చాను." దగ్గరికి జరిగి అంది, "పద్నాలుగు పుస్తకాలు చదివాను. అన్నిట్లో అవ్వ ఉంది, సంస్థ ఉంది. మీరు ఒక్కదాంట్లోనూ లేరు. మీ పేరైనా లేదు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదా?"

"భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళు" అంది థావీ.

మాలిస్ నవ్వబోయి మానేసింది. థావీ మాత్రం ఆ మాటతో ఆగలేకపోయింది. కట్ట కొంచెం తెగితే చాలు గదా.

"అలిసిపోయాను పిల్లా. ఈవిడ అయిదుసార్లు చెప్పి ఆపేసింది. నేను తొమ్మిదిసార్లు చెప్పాను. చెప్పగా చెప్పగా కథ నున్నబడిపోయింది, ఎక్కడ ఆగితే వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయో నాకు తెలిసిపోయింది. ఒకసారి ఒకావిడ రాసుకోవడం ఆపి గడియారం చూసుకుంది. నాకు ఒళ్ళు మండింది. నా స్నేహితురాలు చస్తుంటే గడియారం చూస్తుందా అని. అందుకని ఒకటి కలిపాను. చివర్లో ఆ పిల్ల నీలం కండువా కొస పట్టుకుని వదల్లేదు అన్నాను. అంతే, అందరూ అదే రాశారు. పుస్తకం అట్ట మీద కూడా నీలం కండువానే వేశారు. అలాంటిది ఏదీ లేదు. నేనే కల్పించాను."

ఆ మాట అన్నాక ఆమె సావత్ అవ్వ వంక చూడలేకపోయింది. ఈ సంగతి అవ్వ వినడం అదే మొదటిసారి.

అవ్వ గంపలో చేపల్ని ఒకసారి తిరగేసింది.

"నీలమా?" అంది చివరికి.

"నీలమే అవ్వా. తప్పయిపోయింది."

"దానికి నీలం అంటే పడేది కాదు. నువ్వెరగవా? నీలం కట్టుకుంటే నల్లగా కనిపిస్తానని ఏడ్చేది."

"ఎరుగుదును."

"మరింకేం. నీలం కండువా పట్టుకున్న పిల్ల నాది కాదు." అవ్వ చేతులు నీళ్ళలో ముంచి కడుక్కుంది. "ఆ పుస్తకాల్లో చచ్చిపోయేది నువ్వు కన్న పిల్లే థావీ. వాళ్ళకి దాన్నే ఇచ్చావు, మంచిపని చేశావు. నాది నా దగ్గరే ఉంది. ఎవరూ తీసుకుపోలేదు. నేనిన్నాళ్ళూ సగం పోయిందేమో అనుకున్నాను."

అప్పుడు థావీ ఏడ్చింది. గట్టిగా ఏమీ కాదు, బరువు దింపినవాళ్ళు రొప్పినట్టు. అవ్వ ఓదార్చలేదు. "ఏడిస్తే ఏడువు గానీ గంప అవతలికి జరిగి ఏడువు, ఉప్పెక్కువైతే నా జాడీ పాడవుతుంది" అంది. మాలిస్ ఆ సాయంత్రం దాకా ఆ తెప్ప మీదే ఉండి, మడమ ఒరుసుకుపోయినా నీళ్ళలో నిలబడి చేపలు తొక్కింది. అవ్వ ఆ పిల్లని పదిసార్లు తిట్టింది. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల ఒక మాట ఇచ్చింది.

"జవాబుల గురించి రాయను అవ్వా. పద్నాలుగు టేపుల్లో అడిగిన ప్రశ్నలు మాత్రమే వరసపెట్టి రాస్తాను. అడిగినవాళ్ళే వాటిని చదువుకుంటారు."

రాసిందో లేదో నాకు తెలియదు. ఆ ఊరూ ఆ గదీ మనకెంత దూరం. రాసినా ఎవరు విన్నారో. థావీ మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోలేదు. అలిసినవాళ్ళు ఆశ కూడా చూసి చూసి ఖర్చుపెట్టుకుంటారు.

రెండు నెలలు తిరక్కుండా ఇంకొకాయన దిగాడు. పొడుగ్గా, మర్యాదగా, మెడలో రెండు పెట్టెలతో. సంబాత్ సారు మామూలుగానే, తీసుకెళ్ళు థావీ అన్నాడు. తీసుకెళ్ళింది. సావత్ అవ్వ తల వంచి, కళ్ళు సగం మూసి, చేప ఒడ్డుకొచ్చిన పూటే తల తీసెయ్యాలి అంది.

థావీ ఊపిరి పీల్చుకుని ఇంగ్లీషులో అంది, "చేప ఒడ్డుకు వచ్చిన పూటే తల తీసెయ్యాలట."

ఆయన రాసుకున్నాడు. గంపలో వేసి తొక్కాలంది అవ్వ. తొక్కాలట అంది థావీ. కొవ్వు సంగతీ, రాయి సంగతీ, ఉప్పు సంగతీ, ఉన్నదున్నట్టు, ఒక్క మాట కలపకుండా ఒక్క మాట వదలకుండా చెప్పుకొచ్చింది. ఆయన ఎదురుచూశాడు. కాగితాలు తిరగేశాడు. చివరికి మొహమాటపడుతూ అడిగాడు, పుస్తకాల్లో ఈవిడ కూతురి గురించి ఉంది గదా, నీలం కండువా, అది అని.

"ఉంటే అక్కడే చూసి రాసుకోండి" అంది థావీ. "ఇక్కడ ఇదే ఉంది."

అవ్వ ఏమన్నాడని కనుసైగ చేసింది. ఉప్పు సంగతి మళ్ళీ చెప్పమంటున్నాడు అంది థావీ. అవ్వ మళ్ళీ చెప్పింది. ఆయన ఇంకో అరగంట ఓపిక పట్టి, భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆ రోజు థావీ ఇంటికెళ్ళి పులుసు కలుపుతుంటే నాలుక మీదికి ఏ మాటా రాలేదట. అలసట పోలేదు, అది పోయేది కాదు. కానీ పులుసు పులుసులాగే ఉందట.

ఏదీ, గంప ఇలా తిప్పు. నాలుగైదు తలలు వదిలేశావు, సరే, అవి నేను తీస్తాను. ఇది గుర్తుపెట్టుకుని రేపు నీ పిల్లలకి చెప్పు. చేప ఒడ్డుకొచ్చిన పూటే తల తీయాలని, నీళ్ళు బాగా వచ్చిన ఏడు ఉప్పు మూడుసార్లు వేయాలని, ఇరవై ఏళ్ళ తరువాత థావీని ఒక పిల్ల మోకాలి నొప్పి గురించి అడిగిందని చెప్పు. సావత్ అవ్వ కూతురి పేరు నిన్నడిగితే తెలియదను. నేనూ నీకు చెప్పలేదు గదా. ఇది ప్చుం బెన్ కాదు, ఇంట్లో ముద్ద కూడా పెట్టలేదు.